పడమటి బాల్కనీకి, హాల్లోకి ఎలాంటి కుండీలు తీసుకోవాలి?

ఎనిమిదో_అంతస్తు

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ పడమటి వైపు. మధ్యాహ్నం రెండు దాటితే చాలు, పొద్దు గుంకేదాకా ఎండ నేరుగా కొడుతుంది, గాలి కూడా గట్టిగానే ఉంటుంది. నర్సరీ కవర్లలో, పాత పెయింట్ డబ్బాల్లో ఉన్న మొక్కల్ని ఈసారి మంచి కుండీల్లోకి మార్చాలనుకుంటున్నాను. కాగితం పూలు, గన్నేరు, తులసి బయటికి. స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, ఒక అరెకా పామ్ హాల్లోకి. షాపులో మెరిసే సిరామిక్ కుండీలు చూస్తే తీసేసుకోవాలనిపిస్తోంది, కానీ సగం వాటికి అడుగున చిల్లే లేదు. అడిగితే "గులకరాళ్ళు పోయండి మేడమ్, సరిపోతుంది" అంటున్నారు. నిజంగా సరిపోతుందా? బయటికి మట్టివి మంచివా, ఫైబర్‌వా? అమ్మ ఇచ్చిన పాత ఇత్తడి గంగాళం కూడా అటక మీద ఉంది, దాన్నీ వాడాలని ఆశ. ఎలా సర్దితే బాగుంటుందో చెప్పండి. కింది ఫ్లాట్ వాళ్ళ బట్టల మీద నీళ్ళు కారుతున్నాయని ఇప్పటికే మాట వచ్చింది, అదో టెన్షన్.

మిద్దెతోట_వరంగల్

పడమటి ఎండలో ముందు తీసేయాల్సింది నల్ల ప్లాస్టిక్, రేకు డబ్బాలు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ డబ్బా మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, లోపల దానికి ఆనుకున్న వేళ్ళు మాడిపోతాయి. మట్టి కుండీ గోడల్లోంచి తేమ ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి లోపల చల్లగా ఉంటుంది, వేళ్ళకి గాలి ఆడుతుంది. అదే కారణంగా త్వరగా ఆరిపోతుంది కూడా, వేసవిలో రోజూ, చిన్న కుండీలైతే రెండు పూటలా పోయాల్సిందే. కాగితం పూలు, గన్నేరు ఎండకి బాగా తట్టుకుంటాయి, వేళ్ళ దగ్గర తడి నిలిస్తేనే వాటికి ఇబ్బంది, అందుకే వాటికి మట్టి కుండీలే తీసుకోండి. కొత్తదాన్ని నాటే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే మొదటి తడి కుండీయే తాగేస్తుంది. బోరు నీళ్ళు పోస్తే కొన్నాళ్ళకి బయట తెల్లగా పేరుకుంటుంది, అది నీళ్ళలో ఉండే లవణాలే, వెనిగర్ కలిపిన నీళ్ళతో పీచు పెట్టి రుద్దితే పోతుంది. నాకైతే ఆ తెల్లటి చారలు ఉంటేనే ఇష్టం.

బరువు మాత్రం ఆలోచించుకోండి. 12 అంగుళాల కుండీ తడి మట్టితో కలిపి సులువుగా 20 కిలోలు దాటుతుంది. అలాంటివి గోడ వెంబడి, పిల్లర్ దగ్గర పెట్టండి. అంతకన్నా పెద్దవి కావాలంటే లేత రంగు ఫైబర్ తీసుకోండి. రెయిలింగ్ బయటి వైపు మాత్రం ఏదీ వేలాడదీయొద్దు, ఎనిమిదో అంతస్తు నుంచి జారితే కింద మనుషులుంటారు.

కడియం_దారి

మాది కడియపులంక పక్కనే, ఇంటిల్లిపాదీ నర్సరీ పనిలోనే ఉన్నాం. గులకరాళ్ళు పోస్తే సరిపోదండి. నీరు సన్నటి మట్టిలోంచి పెద్ద సందులున్న రాళ్ళలోకి తేలిగ్గా దిగదు, పైనున్న మట్టి పూర్తిగా నానాకే దిగుతుంది. అంటే రాళ్ళ పొర వేసిన కొద్దీ ఆ బురద వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లు లేకపోతే దిగిన నీరు కూడా అక్కడే కుళ్ళుతుంది. స్నేక్ ప్లాంట్‌కి ఇలా అయితే ఆకు మొదలు మెత్తబడి, కాస్త లాగగానే చేతికి ఊడొస్తుంది, బురద కంపు కొడుతుంది.

సిరామిక్ మీద మనసైతే ఇలా చేయండి. మొక్కని చిల్లులున్న మామూలు ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని అలాగే సిరామిక్ దాంట్లోకి దింపేయండి. లోపలి దాని అంచు పైకి కనబడకూడదు. నీళ్ళు పోయాలంటే బయటికి తీసి బాత్రూంలో పోసి, కారడం ఆగాక మళ్ళీ పెట్టేయడమే. పైన కొబ్బరి పీచు పరిస్తే రెండు కుండీల మధ్య సందు తెలియదు. గంగాళానికీ ఇదే పద్ధతి. దానికి చిల్లు పెట్టకండి, మట్టి నేరుగా నింపకండి, తడి మట్టి, ఎరువు తగిలితే ఇత్తడికి పచ్చగా చిలుము పడుతుంది.

సైజు గురించి కూడా చెప్పాలి. వేళ్ళ ముద్ద కన్నా రెండు అంగుళాలు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందని చిన్న మొక్కని 14 అంగుళాల దాంట్లో పెట్టేస్తుంటారు, వేళ్ళు అందుకోలేని ఆ మట్టంతా రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది.

తెల్లగోడ

సర్దడం గురించి నేను చెప్తాను. రంగులు తగ్గించుకోండి. ఎర్ర మట్టి, ఇత్తడి, ఒక తెలుపు, ఇవి చాలు హాలుకి. మనీ ప్లాంట్ లాంటి మచ్చల ఆకులకి సాదా కుండీ నప్పుతుంది, బొమ్మలున్న కుండీ తీసుకుంటే అందులో ఒకే పచ్చటి ఆకులున్న మొక్క పెట్టండి, లేకపోతే రెండూ పోటీ పడి ఏదీ కనిపించదు. మొక్కలన్నీ గోడ పొడవునా వరసగా పేర్చకుండా మూడింటిని ఒకచోట చేర్చండి, ఒకటి పొడుగు, ఒకటి గుబురు, ఒకటి కిందికి పాకేది. ఎత్తులు తేడా రావడానికి పాత చెక్క పీటలు, స్టూలు బాగా పనికొస్తాయి. అరెకాని గంగాళంలో పెట్టి బాల్కనీ అద్దం తలుపు పక్కన ఉంచండి, దానికి వెలుతురు కావాలి, పైగా సాయంత్రం వెలుగు ఇత్తడి మీద పడుతుంటే చూడాలి మీరు! గంగాళాన్ని ముందు చింతపండుతో తోమండి. వెలుతురు తక్కువున్న మూల ఉంటే స్నేక్ ప్లాంట్‌కి ఇవ్వండి.

తులసికి మాత్రం నా మాట వినండి. మామూలు మట్టి కుండీకి జాజు పూసి, పైన సున్నంతో ముగ్గు వేయండి. ఆయిల్ పెయింట్ వేస్తే మట్టి గోడలకి ఊపిరాడదు, జాజు, సున్నంతో ఆ బాధ ఉండదు. వానకి పోతే పండక్కి మళ్ళీ పూసుకోవచ్చు, మా అమ్మమ్మగారి ఊళ్ళో తులసి కోటకి అలాగే చేసేవారు.

ఎనిమిదో_అంతస్తు

చాలా థాంక్సండి అందరికీ. కడియం గారూ, నీలం సిరామిక్ కుండీ ఒకటి ఇప్పటికే ఇంట్లో ఉంది, దానికి చిల్లు వేయించొచ్చా?

కడియం_దారి

వేయొచ్చండి. టైల్స్‌కి వాడే డైమండ్ బిట్ ఉన్నవాళ్ళ చేత చేయించండి. కుండీని మడత పెట్టిన గోనెసంచి మీద బోర్లించి, చిల్లు రావాల్సిన చోట టేప్ అతికించాలి, లేకపోతే బిట్ జారుతుంది. డ్రిల్లింగ్ మిషన్‌లో హామర్ ఆపేసి, నెమ్మదిగా తిప్పుతూ, పక్కన ఒకరు కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ ఉండాలి. గట్టిగా నొక్కారంటే అడుగు పగిలిపోతుంది. అయ్యాక చిల్లు మీద దోమల మెష్ ముక్క పెట్టి మట్టి నింపండి.

వైజాగ్_మేడ

కింది వాళ్ళ గొడవకి నా సలహా: ప్రతి కుండీ కింద లోతైన ప్లేటు పెట్టండి, నీళ్ళు ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం పోసి, ఇంకాక ఇంకొంచెం పోయండి. బాగా ఎండిన మట్టిలో ఒక్కసారిగా పోస్తే అంచుల వెంట సర్రున కిందికి వచ్చేస్తుంది, మొక్కకి అందేది తక్కువ. ప్లేట్లో మిగిలింది మాత్రం అరగంటలో ఒంపేయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. సిరామిక్ కుండీ అడుగున కూడా నీళ్ళు నిలుస్తాయి, లోపలి కుండీ తీసినప్పుడల్లా అక్కడా ఓసారి చూడండి.