‘చల్లాయంబలి’లో ఆ దీర్ఘం ఎక్కడిది?

గాబరోన్‌వాసి:
పొద్దున్నే పక్కింటి ఆవిడ గిన్నెడు మొతొఖొ పంపింది. జొన్నపిండిని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, పాత పులుపు కాస్త తోడేసి, రెండు మూడు రోజులు మూతపెట్టి ఉంచితే దాన్ని ఇక్కడ బోట్స్వానాలో టింగ్ అంటారు. ఎసట్లో పోసి జారుగా కాస్తే మొతొఖొ. మూత తీయగానే ఆ పులుపు వాసనకి, కన్నడదేశంలో కొలువు దొరక్క శ్రీనాథుడు చెప్పుకున్న పద్యంలోని ‘చల్లాయంబలి ద్రావితిన్’ నోటికొచ్చేసింది. దానికి ముందు పాదం ‘వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్’ దాకా వచ్చి ఆగిపోయింది, ఎంత గింజుకున్నా మిగతాది రావట్లేదు. అసలు సందేహం వేరే. ‘చల్లా’ అని దీర్ఘం ఎందుకు? చల్లా అంబలీ రెండు వేర్వేరా, చల్ల పోసిన అంబలా, చల్లారిన అంబలా?

గణవిభజన:
శార్దూలం కదండీ. మగణంలో మూడూ గురువులే ఉండాలి. ‘చల్లయం’ అంటే రెండో అక్షరం లఘువై కూర్చుంటుంది. ఆ దీర్ఘం ఛందస్సు అడిగింది, కవి ఇచ్చాడు. అందులో అర్థం వెతకనక్కర్లేదు.

పల్నాటి మాట:
గణం కోసం అక్షరాన్ని సాగదీసే అవసరం శ్రీనాథుడికా! చల్ల + ఆ + అంబలి అని విడదీసి చూడండి. ‘ఆ యంబలి’ అని యడాగమం దానంతటదే వస్తుంది. ‘చల్ల, ఆ అంబలి’ తాగాను అంటున్నాడు. ఆ ‘ఆ’లోనే ఆయన బాధంతా ఉంది. ఎలాంటి అంబలో చెప్పడానికి కూడా నోరు రాలేదు.

గణవిభజన:
విరుపు బాగుంది. కానీ అక్కడ ‘ఆ’ దేన్ని చూపిస్తోంది? పైన అంబలి ప్రస్తావనే లేదు.

ఫ్రాన్సిస్‌టౌన్ మాస్టారు:
ఈ దేశంలో చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ణి, వంటింటి వైపు నుంచి ఒక మాట. అంబలి పులవడానికి చల్లతో పనిలేదు. టింగ్‌లో పాలచుక్క పడదు, పిండే పులుస్తుంది. పాల పులుపు కావాలంటే బొఖొబె జ్వ లెరొట్సె ఉంది. బొఖొబె అంటే మన సంగటిలాంటిది. లెరొట్సె అంటే వండుకునే పుచ్చజాతి కాయ. ముక్కలు మెత్తగా ఉడికాక అందులోనే జొన్నపిండి పోసి గెలికి, మడిలా కలుపుతారు. మడిలా అంటే గడ్డకట్టిన పుల్లపాలు. ఈ రెండు పులుపులూ ఒకటి కావు, ఒక్క ముద్దలో తేడా తెలిసిపోతుంది. కాబట్టి శ్రీనాథుడు ‘చల్ల’ అని విడిగా చెప్పాడంటే చల్ల పోసిన అంబలి అనే నా లెక్క.

పల్నాటి మాట:
మాస్టారూ, కన్నడదేశపు అంబలికి బోట్స్వానా సాక్ష్యమా? మా పల్నాటి పద్యం ఉండగా! ‘తింత్రిణీ పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో’ ఒక్క ముద్ద దిగమింగి చూపించమని సాక్షాత్తూ కృష్ణుణ్ణే సవాలు చేశాడు. పూతన చన్నుల చేదూ దావాగ్నీ ఒక లెక్కా అని! ఆ పద్యం చదివినప్పుడల్లా మా నాయనమ్మ చింతచిగురు దూసే చేతులు కళ్ల ముందుకొస్తాయి.

ఫ్రాన్సిస్‌టౌన్ మాస్టారు:
ఆ పద్యంలో బచ్చలి ఊరికే పడలేదమ్మా. జొన్నముద్ద గొంతులో పట్టేస్తుంది, బచ్చలి జిగురు దాన్ని జారుస్తుంది. ఇక్కడ డెలెలె అనే ఆకు చేసే పని అదే, వండితే బెండకాయలా తీగ సాగుతుంది. అలసంద ఆకునైతే ఉడికించి, ఎండబెట్టి, ఏడాదికి దాచుకుంటారు. రొత్వె అనేది మన వామింటే, మొదటిసారి చూసి చటుక్కున గుర్తుపట్టాను. వీటన్నిటికీ కలిపి ‘మొరొఖొ’ అనే ఒక్క మాట సరిపోతుంది, మనం ఆకుకూర అన్నట్టు.

కర్నూలు సంగటి:
ఏ పద్యం తీసినా తేలేది ఒకటే గదా, శ్రీనాథుడికి జొన్నంటే పడదు. సన్నబియ్యం మనిషి. లేనోళ్ల తిండి తినాల్సొచ్చిందని ఏడ్చినాడు.

గాబరోన్‌వాసి:
ఆ మాట ఒప్పుకోనండీ. టింగ్ ఇక్కడ లేనివాళ్ల తిండి కాదు. పెళ్లయినా చావైనా మూడుకాళ్ల ఇనప కుండల్లో మగవాళ్లు సెస్వా వండుతారు. మాంసాన్ని ఉప్పూ నీళ్లతో గంటలకొద్దీ ఉడికించి, పీచుపీచుగా విడిపోయేదాకా కర్రతో దంచుతారు. పాత పద్ధతిలో వెల్లుల్లి రేకు కూడా పడదు. దాని పక్కన వడ్డించేది ఈ జొన్న బొఖొబెనే. మొక్కజొన్నపిండి కొట్లో చవగ్గా దొరుకుతున్నా, మా పక్కింటావిడ జొన్నదే కావాలని వెతికి కొంటుంది. ఆవిడ గిన్నె పంపిందంటే నన్ను తనదాన్ని చేసుకున్నట్టే. శ్రీనాథుడి దుఃఖం కొలువు దొరకనందుకే తప్ప అంబలి తాగినందుకు కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కర్నూలు సంగటి:
అట్లయితే మరి ‘రుచులు దోసంబంచు పోనాడితిన్’ ఎందుకన్నాడు?

గణవిభజన:
అది తర్వాత చూద్దాం. గాబరోన్ గారు మరిచిపోయిన ముక్క ‘విశ్వస్త వడ్డింపగాన్’. దీనికి ‘నమ్మకస్తురాలు వడ్డించగా’ అని చెప్పేవాళ్లున్నారు. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘విశ్వస్తా విధవే సమే’ అని స్పష్టంగా ఉంది. వడ్డించింది వితంతువు.

పల్నాటి మాట:
అమరం అన్నంత మాత్రాన ఇక్కడా అదే అర్థమనా? వడ్డించే చోట నమ్మకం పెద్ద మాట కాదా? దీనికి వేరే చర్చ పెట్టండి, నేనొస్తాను.