స్కిజోఫ్రీనియాలో మెదడు కనెక్షన్లు నిజంగానే తెగిపోతాయా? స్కాన్‌లో ఎందుకు కనపడదు?

తమ్ముడికోసం:
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తేలింది, మందులు వాడుతున్నాడు. నెట్‌లో ఎక్కడ చదివినా "మెదడు భాగాల మధ్య కనెక్షన్లు తెగిపోతాయి" అనే ఉంది. మరి ఎమ్మారై తీస్తే రిపోర్టు నార్మల్ అని వచ్చిందేంటి? డాక్టర్‌గారిని అడిగితే "ఆ స్కాన్ దానికోసం కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫంక్షనల్ ఎమ్మారై అని ఇంకోటి ఉందట, అది తీయిస్తే ఏమైనా తెలుస్తుందా? తెగినవి మళ్లీ అతుక్కుంటాయా? అమ్మ ముందు ధైర్యంగా ఉంటున్నాను గానీ లోపల ఒకటే టెన్షన్.

స్కానర్‌పక్కన:
తెగేదేమీ లేదండీ. మీవాడికి తీసింది గడ్డలూ రక్తస్రావాలూ లాంటివి లేవని చూసుకోడానికి. మీరు చదివిన కనెక్టివిటీ అనేది ఒక లెక్క. మీరడిగిన ఫంక్షనల్ ఎమ్మారైలో మనిషిని స్కానర్‌లో పడుకోబెట్టి, తెర మీద ప్లస్ గుర్తు చూస్తూ ఊరికే ఉండమంటారు, ఆ కొద్ది నిమిషాల్లో ఒక్కో చోట రక్తంలో ఆక్సిజన్ ఎలా పెరిగి తగ్గుతోందో వందల బొమ్మలుగా తీస్తారు. రెండు చోట్ల ఆ హెచ్చుతగ్గులు జతగా నడిస్తే వాటి మధ్య కనెక్టివిటీ ఎక్కువ అంటారు, అంతే.

స్కిజోఫ్రీనియాలో అన్నీ తగ్గవు కూడా. మెదడు మధ్యలో ఉండి కబుర్లు అటూ ఇటూ చేరవేసే థాలమస్‌నే తీసుకోండి, మెదడు ముందు భాగంతో దాని జత తగ్గుతుంది, స్పర్శ, కదలికలు చూసే భాగాలతో పెరుగుతుంది. చాలా అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన సంగతి ఇది. కాకపోతే ఇవన్నీ గుంపుల సగటులు. జబ్బు ఉన్నవాళ్ల అంకెలూ లేనివాళ్ల అంకెలూ చాలావరకు కలిసిపోయి ఉంటాయి, ఒక్క మనిషి స్కాన్ చూసి ఉందనీ లేదనీ చెప్పలేం. పైగా తల మిల్లీమీటరులో కొద్ది వంతు కదిలినా లెక్క తప్పుతుంది. ఫంక్షనల్ ఎమ్మారైకి డబ్బు పెట్టకండి.

అర్ధరాత్రి_చదువరి:
ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. భాగాలు విడివిడిగా బాగానే ఉన్నా వాటి మధ్య సమన్వయం చెడిందని ఫ్రిస్టన్, ఫ్రిత్ అనే మెదడు పరిశోధకులు 1995లోనే రాశారు. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మాటలు వినిపించడం గురించిన వివరణ. మనం మాట్లాడబోయే ముందే మెదడు "ఈ గొంతు నాదే" అని వినికిడి భాగాలకు కబురు పంపుతుంది, అందుకే మన గొంతుకు అవి పెద్దగా స్పందించవు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకు ఈఈజీ (తల మీద తీగలు పెట్టి మెదడు విద్యుత్తు కొలిచే పరీక్ష) తీస్తే ఆ తగ్గుదల సరిగ్గా కనిపించదు. మనసులో అనుకునే మాటకూ ఇలాగే జరిగితే అది ఎవరో బయటినుంచి అన్నట్టు అనిపించవచ్చని ఒక వాదన. ఇలా వినిపించే గొంతును ఊహేనని కొట్టిపారేసేవాళ్లు వినేవాడి వైపునుంచి ఒకసారి ఆలోచించాలి, ఆ గొంతు వాళ్లకు నిజంగానే వినపడుతుంది.

సందేహాలరావు:
ఇందులో మందుల ప్రభావం ఎంతో ఎవరు తేల్చారు? ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్ల మెదళ్లు చూసి జబ్బు ఇలా ఉంటుందంటే ఎలా?

స్కానర్‌పక్కన:
న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇంకా మందు మొదలుపెట్టనివాళ్లనీ, జబ్బు లేని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లనీ కూడా చూశారు. వాళ్లలోనూ కొన్ని తేడాలు ఉన్నాయి, తోబుట్టువుల్లో తక్కువగా. కాబట్టి అంతా మందుల వల్లే అనలేం. మెదడు భాగాలను కలిపే నరాల పోగుల సంగతి వేరే పద్ధతిలో చూస్తారు, 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో జబ్బు ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ మొత్తం 4,322 మంది స్కాన్లు కలిపి చూస్తే తేడా దాదాపు మెదడంతటా కనిపించింది, కానీ చిన్నది.

తమ్ముడికోసం:
అన్నదమ్ముల్లోనూ అంటే నాకూ వస్తుందా?

స్కానర్‌పక్కన:
అలా కాదండీ. తేడా ఉండి కూడా జబ్బు లేనివాళ్లే వాళ్లంతా. తోబుట్టువులకు రిస్క్ మామూలుకంటే ఎక్కువే, కానీ ఎక్కువ మందికి రాదు.

ఇక తెగినవి మళ్లీ అతుక్కుంటాయా అని మీరు ముందు అడిగారు, అంటే తగ్గింది మళ్లీ పెరుగుతుందా అని. మందులతో లక్షణాలు తగ్గినవాళ్లలో మెదడు లోపలి భాగమైన స్ట్రయాటమ్‌కీ మెదడు ముందు భాగాలకీ మధ్య కనెక్టివిటీ పెరిగినట్టు చూశారు, అంటే ఇది రాయిలా బిగిసిపోయిన స్థితి కాదు. ఈసారి డాక్టర్‌గారి దగ్గరికి వెళ్లినప్పుడు స్కాన్ సంగతి పక్కనపెట్టి, నిద్ర ఎలా ఉంది, మందు వేసుకున్నాక మగతగా ఉంటున్నాడా, చదివింది గుర్తుంటోందా, ఇవి అడగండి. బాగానే ఉన్నాడు కదా అని మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.