కొత్త కార్యక్రమమే లేని చానల్ ఎందుకు మూతపడదు: ఖర్చు తక్కువనా, ఒప్పందం వల్లా?

పాతరీలు:
నడపడానికి పెద్దగా ఖర్చవదు కాబట్టే మూయరంటాను. 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 50 మెగాబిట్లు) దాచినా గంట వీడియో 22.5 జీబీ, వెయ్యి గంటల సరుకు 22.5 టీబీ. ఒక్క సర్వర్‌లో పడుతుంది. 8 గంటల బ్లాకు కట్టి రోజుకు మూడుసార్లు తిప్పితే ప్లేలిస్టు వేసేవాళ్ళకూ పని తక్కువే.

రన్‌లెక్క:
మూడుసార్లు తిప్పేది పని తగ్గించుకోవడానికే కాదండి. చాలా హక్కుల ఒప్పందాల్లో మొదటి ప్రసారం, ఆ 24 గంటల్లో వేసే రిపీట్లు కలిపి ఒకే రన్. పది రన్‌లు కొంటే ముప్పైసార్లు వేసుకోవచ్చన్నమాట.

హెడ్‌ఎండ్:
తక్కువైనా ఖర్చు ఖర్చే, రాబడి లేకుండా ఎవరు పెడతారు? ప్యాకేజీలో ఉన్న పే చానల్‌కు చూసినా చూడకపోయినా చందాదారు తలకింత వస్తుంది. ఒప్పందం నడిచినన్నాళ్ళూ సిగ్నల్ ఇవ్వాల్సిందే. మధ్యలో ఆపితే ప్యాకేజీ మొత్తం మళ్ళీ బేరానికొస్తుంది. ఒప్పందంలో ‘సంగీత చానల్’ అని రాసుకుని పాత సీరియళ్ళు వేస్తే మాత్రం ఆపరేటర్లు ఊరుకోరు. అర్ధరాత్రి నాలుగు పాటలేసేది అందుకే.

పాతరీలు:
మరి అమెరికాలో ఎక్కువగా పాత సీరియళ్ళే వేసే మీటీవీ, యాంటెన్నా టీవీ సంగతి? యాంటెన్నాతో ఉచితంగా వస్తాయి. అక్కడి 6 మెగాహెర్ట్జ్ డిజిటల్ చానల్‌లో 19.39 ఎంబీపీఎస్ పడుతుంది. ప్రధాన హెచ్‌డీకి పోగా మిగిలినదాంట్లో ఇలాంటి ఎస్‌డీ (మామూలు స్పష్టత) చానళ్ళు సర్దుతారు. జాగా చవకైతేనే కదా ఇది సాధ్యం!

హెడ్‌ఎండ్:
నిజమే, కానీ వాటికి ప్రకటనలు అమ్మే మనుషులున్నారు. స్టేషన్‌కూ ప్రకటనల సమయంలో వాటా దక్కుతుంది. మనం మాట్లాడేది ఎవరూ పట్టించుకోని చానల్ గురించి.

క్యూ35:
పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్తా. ప్రకటనల బ్రేక్‌లోకి వెళ్ళమని సిగ్నల్‌లోనే యంత్రాలకు పంపే సూచన, అంటే ఎస్‌సీటీఈ-35 క్యూ వచ్చి, తిరిగొచ్చే క్యూ రాలేదనుకోండి. బ్రేక్‌కు నిడివి కూడా పెట్టకపోతే ‘త్వరలో తిరిగొస్తాం’ కార్డు అలాగే నిలబడిపోతుంది. తెర నల్లబడలేదు, సంగీతం కూడా వస్తోంది కాబట్టి బ్లాక్, సైలెన్స్ అలారాలు రెండూ మోగవు. కార్డు ఇంతసేపే ఉండాలని విడిగా టైమర్ పెట్టాలి.

రన్‌లెక్క:
దానికన్నా ఖరీదైన తప్పు హక్కుల గడువు. ప్లేలిస్టు సాఫ్ట్‌వేర్‌లో ఎపిసోడుకు ముగింపు తేదీ ఎక్కించకపోతే గడువు దాటినా బ్లాకు తిరుగుతూనే ఉంటుంది. ఏ నిమిషానికి ఏది వెళ్ళిందో ప్రసార లాగ్ చెప్పేస్తుంది, నిర్మాతలు దాన్ని చూపించే డబ్బు అడుగుతారు. పాత ఒప్పందాల్లో నేపథ్య సంగీతం హక్కు వేరుగా ఉంటుంది, ముందు దాన్ని చూసుకోండి.