రుచుల జాడా, రుచులఁ జూడా?

(చెన్నైలోని కొందరు తెలుగువారి మాటలివి; ప్రతి మాట ముందున్నది అన్నవారి పేట పేరు.)

పెరంబూరు: నిన్నటి నుంచి ఒక్క అక్షరం నన్ను వదలడం లేదు. ప్యారీస్ కార్నర్ పక్క వీధిలో ఒక కొట్టుకు పచ్చకర్పూరం కోసం వెళ్ళాం. కొట్టాయన తమిళంలో మాట్లాడారు. “ఈయన వాలకం చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు, తూకం జాగ్రత్తగా చూడు” అని మా చెల్లెలితో తెలుగులో అన్నాను. ఆయన తూచి, పొట్లం కట్టి, నెమ్మదిగా వేమన పద్యం ఎత్తుకుని “ఉప్పు కప్పురంబు నొక్కపోలికనుండు, చూడ చూడ రుచులఁ జూడ వేరు” అన్నారు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది తెలుగేనట. తల ఎత్తలేకపోయాను. క్షమించమని అడిగి వచ్చాను. ఆయన ‘జూడ’ అన్నారు. నాకు వచ్చినది ‘జాడ వేరయా’. ఏది సరైనది?

అడయారు: ‘వేరయా’ కాదమ్మా. ఈ పద్యం ఆటవెలది. దాని రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే (‘చూడ’, ‘రుచుల’ లాంటి మూడు మాత్రల గణాలు). ‘వేరయా’ రగణం (గురువు, లఘువు, గురువు), ఇక్కడ ఇమడదు; అది మూడో పాదం చివరిది. ‘జాడ’కు ప్రాసయతి (రెండో అక్షరం ‘డ’ కలవడం) చక్కగా ఉంది: చూడ, జాడ. ‘జూడ’ అన్నది ఇక్కడి తెలుగువారి ఉచ్చారణ దోషం, అంతే.

టి.నగర్: మాస్టారూ, ఆ ‘అంతే’ దగ్గర ఆగండి. ‘చూ’కు ‘జూ’ అచ్చుతో సహా యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన) కుదురుతుంది, ప్రాసయతి అవసరమే లేదు. రుచులన్ + చూడ: ద్రుతం (చివరి ‘న్’) మీద ‘చ’ సరళమైన ‘జ’ అయింది. పైగా మనం రుచిని ‘చూస్తాం’ కదా! రెండు చూపులు కంటివి, మూడోది నాలుకది. ఎంత బాగుంది!

అడయారు: ఒకే పాదంలో మూడు ‘చూడ’లా? వేమనకు మాటల పొదుపు ఎవరు నేర్పాలి? జాడ అంటే అడుగుల గుర్తు. పట్టుకుని వెంట పోతేనే దొరుకుతుంది, ఒక్క చూపుకు దొరకదు. ఆ మాట తీసేస్తే పద్యంలో సగం ప్రాణం పోతుంది.

అన్నానగర్: వేమన స్వహస్తాలతో రాసిన ప్రతి మన దగ్గర లేదు. బ్రౌను 1829లో ఈ మద్రాసులోనే ఆయన పద్యాలు అచ్చువేయించే ముందు ఎన్నో రాతప్రతులు పోల్చాడు. నోళ్ళలో బతికిన కవికి పాఠాంతరాలు తప్పవు. ఇక ‘ఇక్కడి తెలుగు’ అంటారా, తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో జీవించిన త్యాగరాజుదీ ఇక్కడి తెలుగే. వాలకం చూసి తూకాన్ని అనుమానించడమూ, ఊరు చూసి పాఠాన్ని తోసిపుచ్చడమూ నాకు వేరుగా కనబడడం లేదు.

అడయారు: ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. ‘జాడ’ను మాత్రం వదలను.

వేళచ్చేరి: మీరంతా రెండో పాదం దగ్గరే ఆగిపోయారు. నా బాధ మూడో పాదం ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’తో. బడిలో కప్పురాన్ని పుణ్యపురుషుడిగా, ఉప్పును తక్కువదానిగా చెప్పారు. వేమన ‘వేరయా’ అన్నాడు గానీ ఏది ఉప్పో, ఏది కప్పురమో చెప్పలేదు. ‘ఉప్పులేని కూర యొప్పదు రుచులకు’ అన్నదీ ఆయనే కదా!

టి.నగర్: ఆహా, ‘అప్పులేనివాడె యధిక సంపన్నుడు’! మా నాన్నగారు ప్రతి నెలా ఒకటో తేదీన చదివే పద్యం. అందులో రెండో పాదం ‘పప్పులేని తిండి ఫలము లేదు’ అనే మాకు వచ్చు. ఇంకెలాగైనా విన్నవారున్నారా?

పెరంబూరు: శుక్రవారం మళ్ళీ ఆ కొట్టుకు వెళ్తున్నాను. ఆ పద్యం ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగుతాను.

అడయారు: అడగండమ్మా. పూర్తిగా చదవమనండి. ‘రుచుల’ తరవాత ఆగుతారో లేదో గమనించండి.