ఊరి ద్వారం వెనక ‘హ్యాపీ జర్నీ’ అని రాయవచ్చా?

లంక గట్టు: కోనసీమలో ఒక ఊరి స్వాగత ద్వారానికి కొత్త రంగులు వేస్తున్నారు. వచ్చేవాళ్ళకు ‘స్వాగతం’, వెళ్ళేవాళ్ళకు ‘శుభ ప్రయాణం’ ఎప్పటి నుంచో ఉన్నాయి. 2027 పుష్కరాలకు పైరాష్ట్రాల వాళ్ళు కూడా వస్తారు కాబట్టి వెనకవైపు ఇంగ్లీషు కూడా పెడదామన్నారు. అక్కడే పేచీ వచ్చింది. ‘హ్యాపీ జర్నీ’ ఇంగ్లీషే కాదని, ‘సేఫ్ జర్నీ’ అని రాయాలని కొందరంటున్నారు. రాయించాక చెరిపే పని పడకూడదు. తెలిసినవాళ్ళు కారణంతో సహా చెప్పండి.

పాలకొల్లు మాస్టారు: తప్పేమీ లేదండి, నిక్షేపంగా రాయించండి. హ్యాపీ అంటే సంతోషం అని చిన్న తరగతుల్లో చెప్పి అక్కడితో వదిలేస్తాం. చిక్కంతా అక్కడే. ఈ మాటకు మూలం ‘హ్యాప్’. పాత నార్స్ భాష నుంచి వచ్చింది, అర్థం అదృష్టం. 14వ శతాబ్దంలో ఇంగ్లీషులో హ్యాపీ అంటే అదృష్టం కలిసొచ్చినవాడనే. మనసులో కలిగే సంతోషం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. హ్యాపెన్, పర్‌హ్యాప్స్, మిస్‌హ్యాప్ అన్నిట్లో ఉన్నది ఆ హ్యాపే. ఇప్పటికీ ‘హ్యాపీ కోయిన్సిడెన్స్’ అంటారు. కోయిన్సిడెన్స్‌కి మనసెక్కడిది, సంతోషపడడానికి? కలిసొచ్చిందని అర్థం, అంతే.

మన చర్చిల్లో చదివే బైబిల్లోనే సాక్ష్యం ఉంది. సామెతలు 3:13 చూడండి. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో ‘హ్యాపీ ఈజ్ ద మ్యాన్ దట్ ఫైండెత్ విజ్డమ్’. తెలుగులో ‘జ్ఞానము సంపాదించినవాడు ధన్యుడు’. అక్కడ సంతోషం మాటే లేదు. ధన్యత ఉంది, భాగ్యం ఉంది.

కాబట్టి హ్యాపీ న్యూ ఇయర్, హ్యాపీ బర్త్‌డే, హ్యాపీ జర్నీ, ఈ మూడింట్లోనూ హ్యాపీ చేసే పని మన ‘శుభ’ చేసే పనే. రైలు టికెట్ మీద హిందీలో శుభయాత్ర అని, ఇంగ్లీషులో హ్యాపీ జర్నీ అని అచ్చేసేది కూడా అలాగే. మీ ద్వారం మీద ‘శుభ ప్రయాణం’ ఉండనే ఉంది. దాని కింద సరిగ్గా అతికే ఇంగ్లీషు ఇదే.

భీమవరం అనువాదకురాలు: మాస్టారూ, మాట పుట్టుక గురించి మీరు చెప్పింది నిజం. కానీ పుట్టుకను బట్టి ఈనాటి వాడుకను తేల్చకూడదండి. ‘నైస్’ లాటిన్‌లో ఏమీ తెలియనివాడనే మాట నుంచి వచ్చింది. ఇప్పుడెవరినైనా నైస్ అంటే ఆ అర్థం తీసుకుంటామా?

హ్యాపీ అంటే శుభమే అయితే, శుభ శుక్రవారం నాడు ‘హ్యాపీ గుడ్ ఫ్రైడే’ అనడం కూడా ఒప్పు కావాలి. ఏటా ఆ స్టేటస్‌లు పెట్టేవాళ్ళు పెడుతూనే ఉన్నారు, విశ్వాసులు నొచ్చుకుంటూనే ఉన్నారు. అది యేసు సిలువ మరణాన్ని తలచుకునే రోజు. అక్కడ ‘గుడ్’ అంటే పవిత్రమైన అని. దాని ముందు హ్యాపీ పెడితే సంబరం చేసుకోమన్నట్టు ఉంటుంది. అదే ఆదివారం ‘హ్యాపీ ఈస్టర్’ అనండి, అందరూ ఆనందంగా అందుకుంటారు. అంటే ఈనాటి హ్యాపీలో వేడుక ఉంది. మూలం ఏదైనా చదివేవాడి చెవిలో పడేది అదే.

ప్రయాణాలన్నీ వేడుకలు కావు కదా. ఆ ద్వారం కింద నుంచే కాకినాడ ఆసుపత్రికి అంబులెన్సు వెళ్తుంది, పరామర్శకు వెళ్ళేవాళ్ళు వెళ్తారు. ఇంగ్లండులో అయితే ‘హ్యావ్ ఎ గుడ్ జర్నీ’ అనో ‘సేఫ్ జర్నీ’ అనో అంటారు. క్షేమంగా వెళ్ళిరండి అన్న మాట అందరికీ సరిపోతుంది. నా ఓటు దానికే.

పాలకొల్లు మాస్టారు: గుడ్ ఫ్రైడే సంగతి ఒప్పుకుంటానమ్మా. అది గట్టి మాట. సంతాపం, ఉపవాసం, ధ్యానం ఉన్నచోట హ్యాపీ నిలవదు. కానీ జర్నీ దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఇన్నేళ్ళుగా ఆ ద్వారం మీద ‘శుభ ప్రయాణం’ ఉందిగా, అంబులెన్సులో వెళ్ళేవాళ్ళెవరూ బాధపడలేదు. మన దేశంలో ‘హ్యాపీ జర్నీ’ కూడా అలాగే పాతుకుపోయింది. అది చదివేది లండన్ వాళ్ళు కాదు. ఒడిశా నుంచో కర్ణాటక నుంచో స్నానానికి వచ్చిన మనిషి. అతనికది బాగా ఎరిగిన మాట. భారతీయ ఇంగ్లీషుకు దాని పలుకుబడి దానికుంది. దాన్ని తప్పనడం నాకు మనసొప్పదు.

అమలాపురం ఫ్లెక్స్ డిజైన్: ద్వారం సంగతి మీరు తేల్చండి గానీ, పెళ్ళి ఫ్లెక్సుల సంగతి కూడా చెప్పండి. ‘విష్ యూ హ్యాపీ మ్యారీడ్ లైఫ్’ ఒప్పా? కొందరు ‘మెనీ మోర్ హ్యాపీ రిటర్న్స్ ఆఫ్ ద డే’ కూడా పెట్టమంటారు.

భీమవరం అనువాదకురాలు: రెండోది పెళ్ళికి అస్సలు వద్దండి. రిటర్న్స్ అంటే ఆ రోజు మళ్ళీ మళ్ళీ తిరిగి రావాలని. పుట్టినరోజుకు, ఏటా వచ్చే పెళ్ళిరోజుకు బాగుంటుంది. పెళ్ళి జరుగుతున్న రోజున అంటే ఆ పెళ్ళే మళ్ళీ జరగాలన్నట్టు తేలుతుంది. పుట్టినరోజుకైనా ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’ చాలు. మెనీ ఉన్నాక మోర్ దండగ.

మొదటిదాంట్లో హ్యాపీకి ముందు ‘ఎ’ పోయింది. లైఫ్ అక్కడ ఒక జీవితం, లెక్కకు వచ్చే నామవాచకం, కాబట్టి ‘ఎ’ ఉండాల్సిందే. ‘విషింగ్ యూ బోత్ ఎ హ్యాపీ మ్యారీడ్ లైఫ్’ అని పెట్టండి. ఇంగ్లండులో అయితే కంగ్రాచులేషన్స్ అంటారు గానీ, మన దగ్గర ఇదే స్థిరపడింది. ఇబ్బంది లేదు.

ఇంకొకటి. ‘హ్యాపీ ఫర్ యువర్ మ్యారేజ్’ అని రాయిస్తుంటారు. ఫర్ తర్వాత మనిషి రావాలి: ‘హ్యాపీ ఫర్ యూ’. సంగతి చెప్పాలంటే అబౌట్. ఫలితమో వస్తువో నచ్చిందంటే విత్. ‘హ్యాపీ టు హెల్ప్’ అన్నప్పుడు సంతోషం కన్నా సిద్ధంగా ఉన్నానన్న అర్థమే ఎక్కువ. గ్లాడ్‌ని హ్యాపీలా ఎక్కడపడితే అక్కడ వాడకండి. ‘ఐ యామ్ గ్లాడ్’ సరే, ‘గ్లాడ్ ఫ్యామిలీ’ అనరు. నామవాచకానికి ముందు ‘గ్లాడ్ టైడింగ్స్’ లాంటి ఒకటి రెండు పాత జంటల్లోనే నిలిచింది.

రావులపాలెం బోర్డు ఆర్టిస్ట్: అర్థం సంగతి మీరు చెప్పారు, కొలత నేను చెబుతానండి. ద్వారం పలక 12 అడుగులుంటే 144 అంగుళాలు. అటూ ఇటూ 6 అంగుళాల చొప్పున వదిలితే 132 మిగులుతుంది. ‘హ్యాపీ జర్నీ’కి ఇంగ్లీషులో 12 అక్షరాలు, మధ్య ఖాళీతో 13 గళ్ళు. గడికి 10 అంగుళాల పైచిలుకు వస్తుంది. ‘సేఫ్ జర్నీ’కి 12 గళ్ళే, గడికి 11. ‘హ్యావ్ ఎ సేఫ్ జర్నీ’ అంటే ఖాళీలతో 19 గళ్ళు, గడికి 7 కూడా రాదు. అక్షరం సన్నబడిపోతుంది, బండి మీద వెళ్ళేవాడికి దగ్గరికొచ్చేదాకా అందదు. కాబట్టి ఆ పొడుగుది మాత్రం వద్దు.

ఎడమ నుంచి మొదలెట్టి రాసుకుంటూ పోతే చివర ‘ఇ, వై’ ఇరుక్కుపోతాయి. ముందు పలక మధ్యలో సుద్దగీత కొట్టాలి. ‘హ్యాపీ జర్నీ’ అయితే ఆ గీత ‘జె’ అక్షరం నడిమి మీద పడాలి. ‘సేఫ్ జర్నీ’ అయితే ‘జె’కీ ‘ఓ’కీ మధ్య పడాలి. అక్కణ్ణుంచి రెండు వైపులకూ గళ్ళు కట్టుకోవాలి. జర్నీలో ‘ఎన్’ తర్వాత ‘ఇ’ మర్చిపోవడం మామూలే. సుద్దతో రాసినప్పుడే మాస్టారికి చూపించండి.

లంక గట్టు: పలక 10 అడుగులేనండి. దానికెలా?

రావులపాలెం బోర్డు ఆర్టిస్ట్: అంచులు పోగా 108 అంగుళాలు. హ్యాపీకి గడికి 8 పైన, సేఫ్‌కి 9. రెండూ పడతాయి. తెలుగు వరుస పైన పెద్దగా ఉంచి, ఇంగ్లీషుది కింద దాని ఎత్తులో మూడింట రెండొంతులు పెట్టించండి.