క్విటోలో మూడు రోజులు, అమ్మతో: ఎత్తు ఇబ్బంది పెడుతుందా?

ప్రశ్న: జూన్‌లో అమ్మతో ఈక్వెడార్ రాజధాని క్విటో వెళ్తున్నాను. అమ్మకి 61. ఊరు 2,850 మీటర్ల ఎత్తున ఉందంటే టెన్షన్‌గా ఉంది. దిగిన రోజే కేబుల్ కార్ ఎక్కొచ్చా?

జవాబు: వద్దండి. అది పిచించా కొండ మీద 3,900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది. నేను దిగిన రోజే ఎక్కాను. పైన నాలుగడుగులు వేసేసరికి తల దిమ్మెక్కి, బెంచీ మీద కూలబడ్డాను. మొదటి రోజు పాత ఊళ్లో మెల్లగా తిరగండి. లా కొంపానియా చర్చి 1605లో మొదలుపెట్టి 160 ఏళ్లు కట్టారు, లోపలంతా బంగారు రేకు. మా ఆవిడ నగల షాపులో కూడా అంతసేపు నిలబడలేదు! మధ్యాహ్నం లోక్రో తాగండి. బంగాళాదుంప, చీజ్, అవకాడోలతో చిక్కటి సూపు, ప్రాణం లేచొస్తుంది.

ఇంకొకరు: భూమధ్యరేఖ స్మారకం రెండో రోజు పెట్టుకోండి. క్విటో కంటే కాస్త కిందే. పసుపు గీత మీద ఫోటో దిగండి గానీ, అసలు రేఖ అక్కడికి 240 మీటర్లు ఉత్తరాన ఉంది.

అడిగినవారు: గీత కూడా తప్పేనా! అమ్మకి చెప్పను. కేబుల్ కార్ మూడో రోజు ఎక్కుతాం.

జవాబు: పొద్దున్నే వెళ్లండి, తర్వాత మబ్బు కమ్మేస్తుంది. అమ్మగారికి బీపీ ఉంటే ముందే డాక్టర్‌ని అడగండి. అక్కడ చెల్లేది అమెరికా డాలరే, చిల్లర నోట్లు ఉంచుకోండి.