సమస్య: గిఫ్టు నిచ్చి చంపెఁ గేలు మోడ్చి

నిర్వాహకుడు: మనవరాలికి పంపే డబ్బా మీద ‘గిఫ్ట్’ అని రాస్తుంటే బెర్లిన్ నుంచి అల్లుడు ఫోన్‌లో వారించాడు: “మామయ్యా, ఇక్కడ ఆ మాట పుర్రెబొమ్మ పక్కన ఉంటుంది!” ఇదుగో పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. కానివ్వండి.

గోదారిగట్టు:
ఆంగ్లమందుఁ గాన్క యదియె జర్మనిలోన
విషము, బెర్లినందు విజ్ఞుఁ డొకఁడు
ఎలుక లిల్లుఁ దొలువ నేకదంతునిఁ గాంచి
గిఫ్టు నిచ్చి చంపెఁ గేలు మోడ్చి

కొసమెరుపు: వాహనాన్ని చంపుతూ స్వామికి దండం! కేలు ఎందుకు మోడ్చాలో ఇంతకన్నా బాగా ఎవరు చెబుతారు? ‘విజ్ఞుడు’ మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదర్చడానికి, వీసా తీసుకుని వచ్చాడు.

నిర్వాహకుడు: ‘డొకఁడు / ఎలుక’ విసంధి, సంధి చేయాల్సిన చోట వదిలేశారు. ‘డొకరుఁ / డెలుక’ అనండి.

గోదారిగట్టు: ధన్యోస్మి. సవరించుకున్నాను.

పెన్నేటి:
పెండ్లి విషము రెంటి పేరొక్కటే స్వీడ
నందు, మామ నాకు నమ్రుఁ డగుచు
కూఁతు నొసఁగె నయ్యొ! కోరి కొంపను ముంచి
గిఫ్టు నిచ్చి చంపెఁ గేలు మోడ్చి

మల్లెపందిరి: స్వీడిష్‌లో ‘గిఫ్ట్’ అంటే పెళ్ళైన అని కూడా అర్థమే, ఒప్పుకుంటాను. ‘నమ్రుఁడు’ అయ్యాక మళ్ళీ ‘కేలు మోడ్చి’ ఎందుకండీ? పునరుక్తి. అన్నట్టు జర్మన్‌లో కట్నాన్ని ‘మిట్‌గిఫ్ట్’ అంటారు. అది పుచ్చుకున్న అల్లుడి మీద పూరణ రాదేం?

పెన్నేటి: అమ్మా, సరదాకి రాశాను. మా ఇంట్లో చూపించలేదు లెండి.

కొసమెరుపు: అసలు ఇచ్చేది విషమెలా అయింది? గ్రీకులో ‘డోసిస్’ అంటే ఇవ్వడం. వైద్యుడిచ్చే మోతాదూ అదే, ఇంగ్లీషు ‘డోసు’ అక్కడిదే. ఆ పోలికనే జర్మన్‌లో పేరెత్తకుండా ‘ఇచ్చినది’ అంటే విషమైంది. మన ‘దానం’లోని దా ధాతువు ఆ ‘డోసిస్’కి దాయాదే. మనకి మాత్రం తక్కువా? ‘మందు పెట్టారు’ అంటే జ్వరానికా?

గోదారిగట్టు: ఇంకోటి. పాత ఇంగ్లీషులో ‘గిఫ్ట్’ మాట మొదట్లో ‘య’ పలికేది, అర్థం కన్యాశుల్కం. గట్టి ‘గ’ స్కాండినేవియా నుంచి వచ్చిన నార్స్ వాళ్ళ చలవ. వాళ్ళు రాకుంటే ‘యిఫ్టు’కి ‘గేలు’తో యతి చెడేది!

పెన్నేటి: యతి సంగతి మీరే చెప్పాలి. ఉగాది సమస్యలో త-కి ట-తో యతి కట్టి ‘మా ఊరి ఉచ్చారణ’ అన్నది ఎవరో?

గోదారిగట్టు: అది టైపు పొరపాటని అప్పుడే చెప్పాను.

మల్లెపందిరి: రెండుసార్లు టైపయింది.